స్వామికి సాంబారు, మాతకు మెమో

దీప ఉద్యోగాన్ని ఊడే దాకా తెచ్చింది మీరే. అటూ ఇటూ చూడకండి, మిమ్మల్నే. భానుప్రకాష్ గారూ, ముందు మీరు. మీ వెనక నల్ల కండువాలో తలకాయ దాచుకుంటున్న వంశీధర్ గారూ, మీరు. మోకాళ్ల నొప్పులంటూ కోదాడ బస్సు దిగిన స్వరాజ్యలక్ష్మి గారూ, మీరు. ఆ బుధవారం విస్తరి ముందు కూర్చుని, మూడోసారి సాంబారు పోయించుకుని, "అమృతం మాతా" అని లేచి చేతులు కడుక్కున్న ఇరవై ఆరు మంది, మీరు కూడా.

భక్తి రెండు రకాలు. చేసేది ఒకటి, చేయించుకునేది ఒకటి. మొదటిదానికి దేవుడుంటే చాలు. రెండోదానికి భార్య ఉండాలి. సూర్యాపేటలో ఈ రెండో రకం ఏటేటా పెరుగుతోంది. కార్తీకం రాగానే వీధికి పది నల్ల పంచెలు కనిపిస్తాయి. ఆ పంచెలు ఉతికేవాళ్లు మాత్రం ఎవరికీ కనిపించరు.

దీప ఒక సర్కారు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. ఔట్‌సోర్సింగ్. అంటే పని సర్కారుది, మనిషి సర్కారు మనిషి కాదు. ప్రతి డిసెంబరు ఆఖరున ఆ ఉద్యోగం చచ్చిపోతుంది. ఆఫీసు వాళ్లు జాబితాలో పేరు రాసి పైకి పంపితే జనవరి ఒకటిన మళ్లీ పుడుతుంది. ఏడాదిలో మూడు మెమోలు పడ్డవాళ్ల పేరు జాబితాలో ఉండదు. ఎనిమిదేళ్లలో దీపకు ఒక్క మెమో లేదు. ఎనిమిదిసార్లు చచ్చి ఎనిమిదిసార్లు పుట్టింది.

అదే ఆఫీసులో ఆమె భర్త వంశీధర్ జూనియర్ అసిస్టెంటు. పర్మినెంటు. ఆయన వచ్చినప్పుడు రిజిస్టరులో సంతకం పెడితే చాలు. ఆమె మాత్రం హాజరు కోసం ఆఫీసు ఫోనుకు ముఖం చూపించాలి. పదీ పది దాటితే ఆ ఫోను దీప ముఖాన్ని గుర్తుపట్టదు. ఎనిమిదేళ్లుగా రోజూ చూస్తున్న సూపరింటెండెంటు భానుప్రకాష్ గారు కూడా పదీ పది దాటితే గుర్తుపట్టరు.

ఈ భానుప్రకాష్ గారు మామూలు సూపరింటెండెంటు కాదు. పద్నాలుగుసార్లు కొండకు వెళ్లొచ్చిన గురుస్వామి. కార్తీకం వస్తే ఆయనే మాలలు వేస్తారు, ఆయనే నియమాలు చెప్తారు. ముప్పై రెండు నియమాలతో ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించి, మాల వేసిన ప్రతివాడి చేతిలో పెడతారు. ఈ ఏడు ఆయన వేసిన మొదటి మాల వంశీధర్ మెడలో పడింది.

ఇంటికొచ్చి వంశీధర్ చాప మీద కూర్చున్నాడు.

"ఇయ్యాల్టి నుంచి నన్ను స్వామీ అనాలె."

"మరి నన్ను?" అంది దీప.

"నువ్వు మాతవు."

"మాత ఏం చెయ్యాలె?"

వంశీధర్ మెడలో మాల సర్దుకున్నాడు. "ఎప్పుడు చేసేదే. జర శుద్ధంగ."

శుద్ధంగా అంటే ఏమిటో దీపకు మర్నాడు పొద్దున నాలుగింటికి తెలిసింది. తల స్నానం చేయాలి. ఇల్లంతా కడగాలి. స్వామి పీఠం తుడిచి, పూలు పెట్టి, వత్తులు వేసి, అప్పుడు స్వామిని లేపాలి. స్వామికి చన్నీళ్ల స్నానం నియమం. పోనీ నీళ్లు కాచే పనైనా తప్పిందని దీప మొదటి రోజు సంతోషపడింది. రెండో రోజు స్వామికి గొంతు పట్టింది. గురుస్వామి ఫోనులోనే సడలింపు ఇచ్చారు. ఒళ్లు కాలకపోతే చాలు, అవి చన్నీళ్ల కిందే లెక్క అన్నారు.

స్వామి పూజలో కూర్చోగానే మాత వంటలో నిలబడుతుంది. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. స్వామి గిన్నెలు వేరు. నాలుగో తరగతి చదివే ప్రీతికి గుడ్డు బంద్. ప్రీతిని లేపి, జడలు వేసి, డబ్బా కట్టి, బడి ఆటో ఎక్కించి, స్వామి నిన్నటి నల్ల బట్టలు ఉతికి ఆరేసి, తను ఆఫీసుకు చేరేసరికి పదీ ముప్పై. అక్కడితో అయిపోయిందా? మధ్యాహ్నం స్వామి భిక్ష. పొద్దున వండినది భిక్షకు పనికిరాదు, పొగలు కక్కాలి. పన్నెండున్నరకు షేరాటో ఎక్కి ఇంటికి పోయి, మళ్లీ కాళ్లూ చేతులూ కడుక్కుని వండి, స్వామికి వడ్డించి, నిలబడే రెండు ముద్దలు మింగి ఆఫీసులో పడేసరికి రెండూ పది.

"అమ్మా, నాన్న దేవుడయ్యిండా?" అని అడిగింది ప్రీతి ఒకరోజు.

"నలభై ఒక్క రోజులు."

"తర్వాత?"

"తర్వాత మల్ల జూనియర్ అసిస్టెంటు."

ఆరో రోజుకే మొదటి మెమో వచ్చింది. 'సమయపాలన పాటించనందున తమపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలోగా వివరించవలెను.' దీప ఆ కాగితం పట్టుకుని భానుప్రకాష్ గారి గదిలోకి పోయింది. ఆయనా నల్ల పంచెలోనే ఉన్నారు. నుదుటి నిండా గంధం, విభూతి.

"సార్, ఇంట్ల స్వామికి పూజ, భిక్ష... మీకు తెలువంది కాదు."

"చూడమ్మా దీపా, ఇంటి విషయాలు ఆఫీసుకు తేవొద్దు. ఆఫీసు ఆఫీసే."

అప్పుడే తలుపు తీసుకుని వంశీధర్ లోపలికి వచ్చాడు. టైము పదకొండుంబావు. భానుప్రకాష్ గారు కుర్చీలోంచి లేచి రెండు చేతులూ జోడించారు.

"స్వామి శరణం. పూజ బాగా జరిగిందా స్వామీ?"

"జర లేటయింది స్వామీ."

"పూజకు లేటు అనే మాట ఉండదు స్వామీ. రండి, సంతకం పెట్టండి."

దీప తన మెమో తీసుకుని బయటికి వచ్చింది. ఆ పూజకు పూలు తెచ్చింది ఆమె. వత్తులు చేసింది ఆమె. అదే పూజ ఒకరిని కుర్చీలోంచి లేపింది, ఇంకొకరికి మెమో ఇచ్చింది.

పదిహేనో రోజు వంశీధర్ ఇంటికి వస్తూనే శుభవార్త చెప్పాడు. బుధవారం తమ ఇంట్లో పద్దెనిమిది మంది స్వాములకు భిక్ష. గురుస్వామి స్వయంగా ఒప్పుకున్నారు.

"బుధవారం ఆఫీసు ఉంటది కదా," అంది దీప.

"నేను ఆన్‌డ్యూటీ అని పెట్టుకుంట. గురుస్వామి పర్వాలేదన్నడు."

"మరి నేను?"

"నువ్వు అడిగి సూడు."

దీప అడిగింది. భానుప్రకాష్ గారు కళ్లజోడు పైకి జరిపి, నిబంధన చదివినట్టు చెప్పారు. "ఔట్‌సోర్సింగ్ వాళ్లకు సెలవు అనేది లేదమ్మా. గైర్హాజరు అనేదే ఉంది."

"భిక్షకు మీరే వస్తున్నరు కద సార్."

"అది గురుస్వామి హోదాలో. ఇది సూపరింటెండెంటు హోదాలో."

బుధవారం పద్దెనిమిది మంది అన్నచోట ఇరవై ఆరుగురు వచ్చారు. దేవుడి భోజనానికి లెక్క చూడకూడదట. చూడాల్సిన అవసరం బియ్యం పోసేవాళ్లకే ఉంటుంది. దీప పొద్దున మూడింటికి లేచి మొదలుపెడితే ఒంటిగంటకు విస్తళ్లు పడ్డాయి. గురుస్వామి మొదటి విస్తరి ముందు కూర్చున్నారు. పులిహోర బాగుందన్నారు. సాంబారు మూడుసార్లు పోయించుకున్నారు.

"మాతా, మీ చేతిలో సాక్షాత్తూ అన్నపూర్ణ ఉంది," అన్నారు. మిగతా పాతిక మందీ తలలూపారు. పాతిక జతల చేతులున్నా విస్తళ్లు ఎత్తింది మాత్రం అన్నపూర్ణే.

రెండున్నరకు గురుస్వామి ఆఫీసుకు పోయి సూపరింటెండెంటు అయ్యారు. గురువారం దీప ఆఫీసుకు పోయేసరికి బల్ల మీద రెండో మెమో సిద్ధంగా ఉంది. 'అనుమతి లేకుండా బుధవారం నాడు విధులకు గైర్హాజరైనందున...' కాగితం అంచున పసుపుపచ్చ వేలిముద్ర ఒకటి కనిపించింది. దీప ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఇంగువ. తన సాంబారే. కింద సంతకం, పక్కన వేలిముద్ర! ఇంత గట్టి రుజువున్న మెమో ఆ ఆఫీసులో ఇంతకుముందు పుట్టలేదు.

పక్క సీటు అరుణ ఆ కాగితం చూసి తల కొట్టుకుంది. ఆమెదీ ఔట్‌సోర్సింగే. ఆదివారాలు చర్చికి పోతుంది, భర్త జాన్ అక్కడ సంఘ పెద్ద.

"మా ఆయన ఏటేటా శ్రమల దినాలు పాటిస్తడక్కా. నలభై రోజులు. దినాలు ఆయనయి, శ్రమలు నాయి. సాయంత్రం ఉపాసం ఇడిసే టైంకు పండ్లు కోసి పెట్టేది నేనే, ప్రార్థనకొచ్చినోళ్లకు చాయ్ పెట్టేది నేనే. నువ్వు సాంబారు, నేను చాయ్. గంతే తేడా."

గది ఊడుస్తున్న బాలమ్మ చీపురు ఆపి నడుం నిలబెట్టింది. బాలమ్మ ఆ ఆఫీసులో అందరికంటే పాత మనిషి. ఎర్ర చీర కట్టుకుని ఉంది, మెడలో ఎర్ర పూసల మాల.

"మాల ఏసుకున్నవా బాలమ్మా?" అంది దీప.

"పదేండ్ల సంది ఏస్తున్న బిడ్డా, భవానీ దీక్ష. మా వాడల నేనే గురు భవానిని. ఈ ఆఫీసుల ఎవ్వలు సూడలే."

సూపరింటెండెంటు నల్ల పంచె కడితే దీక్ష అవుతుంది. ఊడ్చే ఆమె ఎర్ర చీర కడితే ఎర్ర చీరే అవుతుంది.

ఆ సాయంత్రం దీప బాలమ్మ వెంట వాళ్ల వాడలోని భవానీ పీఠానికి పోయింది. రేకుల కప్పు కింద చిన్న అమ్మవారి విగ్రహం, ముందు ఒక చాప. దీప ఆ చాప మీద కూర్చుంది. ఏమీ కోరుకోలేదు, ఏమీ చదవలేదు. కాసేపటికి ఆమెకు ఒక విషయం తట్టింది. కూర్చుని చాలాసేపైంది, ఎవరూ పిలవలేదు. నీళ్లు అడగలేదు. తువ్వాలు ఎక్కడ పెట్టావని అడగలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

"మొక్కున్నదా బిడ్డా?" అంది బాలమ్మ.

"రోజు ఇట్ల పావుగంట కూసోవాలె. ఎవ్వరు పిలవొద్దు."

"గది పెద్ద మొక్కే," అంది బాలమ్మ. "ఆడోళ్లకు సగం మండలం, ఇరవై ఒక్క రోజులు. రేపు శుక్రవారం, పొద్దుగాల రా."

శుక్రవారం పొద్దున దీప ఎర్ర చీరతో, మెడలో మాలతో ఇంటికి వచ్చింది. వంశీధర్ పీఠం ముందు కూర్చుని వత్తుల కోసం వెతుకుతున్నాడు.

"గిదేంది?"

"దీక్ష."

"నువ్వు దీక్ష తీసుకుంటే భిక్ష ఎట్ల?"

"నా భిక్ష నేను బాలమ్మ పీఠంల చేస్త. ప్రీతికి పొద్దుగాలనే డబ్బా కడ్త."

"నాకు?"

దీప అల్మారా మీది చిన్న పుస్తకం తీసింది. గురుస్వామి అచ్చు వేయించిన ముప్పై రెండు నియమాలు. మాల వేసుకున్న రోజు వంశీధర్ మొదటి పది నియమాలే ఇంట్లో గట్టిగా చదివి వినిపించాడు. ఆమె తర్వాతి పేజీ తిప్పింది. "పదకొండు. 'స్వాములు తమ భిక్షను స్వహస్తములతో వండుకొనుట శ్రేష్ఠము.'"

వంశీధర్ పుస్తకం తీసుకుని చూశాడు. వెనక్కి తిప్పి అచ్చాఫీసు పేరు కూడా చూశాడు.

"గది కొండ కాడ ఉండేటోళ్లకు."

"సూర్యాపేట స్వాములకు కాదు అని రాసి లేదు."

ఆ రోజు స్వామి అన్నం వండాడు. అది గంజి అయింది. మర్నాడు గంజి వండదలిచాడు, అది అన్నమైంది. మూడో రోజు పప్పు మాడింది. నాలుగో రోజుకు ఒక సంగతి బయటపడింది. ఇంట్లో ఉప్పు ఎక్కడుంటుందో పదకొండేళ్లుగా ఆయనకు తెలియదు. ఐదో రోజు కోదాడ నుంచి ఆయన తల్లి స్వరాజ్యలక్ష్మి గారు దిగారు.

"ఇద్దరూ మాలేసుకుంటే ఇల్లెవరు చూస్తారే అమ్మాయ్?" అన్నారు గుమ్మంలోనే.

"ఇంటికైతే మాల ఎయ్యలేదు కద అత్తమ్మా. ఎవరైనా సూడొచ్చు."

"నా మోకాళ్లు చూశావుగా. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నా, ఆడదానికి మొగుడి దీక్షలోనే సగం పుణ్యం వస్తుంది. నీకు వేరే ఎందుకు?"

"సగం వస్తుందనే తీసుకున్న అత్తమ్మా. నాది సగం మండలమే."

అత్తగారు రెండు పూటలు వండారు. మూడో పూటకు మోకాళ్లు వచ్చాయి.

ఆఫీసులో మాత్రం వింత జరిగింది. దీక్షలో ఉన్న దీప రోజూ తొమ్మిదీ యాభైకే ఫోనుకు ముఖం చూపించింది. ఫోను ఆమెను గుర్తుపట్టింది. స్వామి పని తప్పగానే ఆలస్యం కూడా తప్పింది! ఆలస్యం ఎవరిదో ఆ ఫోను తేల్చేసింది. ఇప్పుడు పన్నెండింటికి వస్తున్నది వంశీధర్. చేతి వేళ్ల మీద నూనె చిట్లిన మచ్చలు.

భానుప్రకాష్ గారు దీపను పిలిచారు. లేవలేదు. చేతులు జోడించలేదు.

"ఏమిటమ్మా ఈ వేషం?"

"దీక్ష సార్. మీరు ఏసుకున్నదే, రంగు వేరు."

"ఆడవాళ్లకు ఇల్లే పీఠం అమ్మా. అమ్మవారికి కూడా అదే ఇష్టం."

"అమ్మవారు మీతోటి చెప్పిందా సార్?"

ఆయన ఫైలు తెరిచారు. ఫైలులో ఏమీ లేదు.

దీప దీక్షకు ఏడో రోజు, గురువారం పొద్దున. పీఠంలో హారతి అయి ఇంటికి వచ్చేసరికి వంశీధర్ గుమ్మంలో కూలబడి ఉన్నాడు.

"పెద్దనాన్న పోయిండు."

మిర్యాలగూడలో ఉండే నాగేశ్వర్ రావు గారు, వంశీధర్‌కు పెద్దనాన్న. ఒకప్పుడు రైసుమిల్లులో గుమస్తా. స్వరాజ్యలక్ష్మి గారితో ఏదో మాట పట్టింపు వచ్చి ఆరేళ్లుగా ఈ గడప తొక్కలేదు. ఫోను పెట్టుకోరు. ఈ ఇంటి మగవాళ్లలో 'తిన్నవా బిడ్డా' అని దీపను అడిగింది ఆయన ఒక్కరే.

"పోదాం పాండి," అంది.

"అయిపోయింది. తెల్లవారంగనే తీస్కపోయిండ్రట. పదకొండో రోజు పోదాం. ఇప్పుడు మైల. మాలలు తియ్యాలె."

"ఇద్దరివీ," అని లోపలి నుంచి అన్నారు స్వరాజ్యలక్ష్మి గారు. "ఒకే గోత్రం."

దీప తిరిగి బాలమ్మ దగ్గరికి పోయింది. బాలమ్మ మాల తీస్తూ అడిగింది. "ఏ టైంకు పోయిండట? ఏమైందట?" దీపకు ఏదీ తెలియదు. తెలియదని చెప్తూ ఏడ్చింది. ఇంటికి వచ్చి మళ్లీ తల స్నానం చేసి, మైల అని ఇల్లంతా కడిగి, ఇల్లంతా కడిగాక ఇంకెవరు వండుతారు గనక వండి, ఆఫీసుకు చేరేసరికి పదకొండూ ఐదు.

మూడో మెమో అప్పటికే సిద్ధంగా ఉంది. భానుప్రకాష్ గారు దాన్ని చేతిలోనే పట్టుకున్నారు.

"చావు అంటున్నావు కాబట్టి మానవతా దృక్పథంతో ఆపుతున్నా. సోమవారం లోగా చనిపోయిన వ్యక్తికి సంబంధించిన రుజువు జతపరిచి వివరణ ఇవ్వాలి. లేకపోతే ఇది ఇచ్చేస్తా. బుధవారం జాబితా పైకి వెళ్తుంది, నీకు తెలుసు."

దీపకు తెలుసు. బయటికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. మొదటి పని ఒక ఉత్తర్వు టైపు చేయడం. 'శ్రీ వంశీధర్, జూనియర్ అసిస్టెంటు గారికి, వారి పెదతండ్రి గారి మరణం కారణంగా మూడు దినముల సెలవు మంజూరు చేయడమైనది.' రుజువు ఏదీ జతపరచలేదు. పర్మినెంటు వాళ్ల పెదతండ్రి మాట మీద చచ్చిపోతాడు. ఔట్‌సోర్సింగు కోడలికి అదే పెదమామ కాగితం మీద చావాలి.

ఆ సాయంత్రం మైల ఇంట్లో ఉల్లిగడ్డ పకోడీ వాసన వచ్చింది. శుక్రవారం వంశీధర్ గుడ్డు పులుసు అడిగాడు.

"తాత చచ్చిపోతే గుడ్లు తినొచ్చా అమ్మా?" అంది ప్రీతి.

దీప ఆదివారం పొద్దున ప్రీతిని తీసుకుని, రుజువు కాగితానికి పోతున్నానని చెప్పింది. వంశీధర్ చాప మీద నుంచి లేచి కూర్చున్నాడు. "నేను తెప్పిస్త, నువ్వెందుకు" అన్నాడు. "సోమవారం దాకనే టైం," అంది దీప. బస్టాండుకు చేరేసరికి నేరేడుచర్ల మీదుగా పోయే బస్సు కదలబోతోంది.

మిర్యాలగూడలో మిల్లుల వెనక వీధి. వడ్ల లారీల దుమ్ము. నాగేశ్వర్ రావు గారు ఉండే గదికి తాళం వేసి ఉంది. ఎవరిని అడగాలో తెలియక దీప చుట్టూ చూస్తుంటే, ఎదురుగా బజ్జీల బండి దగ్గర బెంచీ మీద కూర్చున్న ముసలాయన చేతిలోని మిరపకాయ బజ్జీ ఆపి తేరిపార చూశాడు.

"దీపా? ఎట్లొచ్చినవ్ బిడ్డా? ఎవరన్న పోయిండ్రా?"

దీప ప్రీతి చేయి పట్టుకుని బండి దగ్గరికి నడిచింది.

"మీరే మామయ్యా."

నాగేశ్వర్ రావు గారు బజ్జీ కొరికారు. నమిలారు. "ఎప్పుడు?"

"గురువారం పొద్దుగాల."

"గురువారం పొద్దుగాల నేను ఇడ్లీ తిన్న," అన్నారు ఆయన ఆలోచిస్తూ. "నాలుగు. చట్నీ బాగలేదు, గని సచ్చేటంత కాదు."

దీప బెంచీ మీద కూర్చుని మొత్తం చెప్పింది. మాల, మెమోలు, సాంబారు, మైల, బుధవారం జాబితా. పెద్దాయన చివర్న ప్రీతికి బజ్జీ ఇచ్చి, లేచి గది తాళం తీసి, ఉతికిన చొక్కా ఒకటి సంచిలో పెట్టుకున్నారు.

"రుజువు జతపరచమన్నడు కద మీ సారు. పద."

ఆ రాత్రి ఆయన అరుణ వాళ్లింట్లో పడుకున్నారు.

సోమవారం తొమ్మిదీ యాభై. సూపరింటెండెంటు గదిలో భానుప్రకాష్ గారు, సెలవు ముగించుకుని వచ్చిన వంశీధర్, ఊడుస్తున్న బాలమ్మ. దీప కాగితం బల్ల మీద పెట్టింది. ఆయన చదివారు.

'తమ మౌఖిక ఆదేశానుసారం, మృతుడైన శ్రీ నాగేశ్వర్ రావు గారికి సంబంధించిన రుజువును ఇందువెంట సమర్పించుకుంటున్నాను. జతపరచినది: మృతుడు, ఒకరు.'

"ఇదేమిటమ్మా..." అని ఆయన తలెత్తేసరికి మృతుడు లోపలికి వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"నమస్కారం సారూ. ఒరిజినలే. జిరాక్సు కాదు."

వంశీధర్ గోడకు ఆనుకున్నాడు. "పెద్దనాన్నా..."

"నన్నెట్ల సంపినవ్ రా వంశీ? రోగంతోనా, బస్సు కిందనా? అడుగుతరు, చెప్పుకోవాలె కద."

భానుప్రకాష్ గారి ముఖం గంభీరమైంది. "వంశీధర్, ఇది చాలా దుర్మార్గం. దీక్షలో ఉండి అబద్ధం..."

"మీరే కద స్వామీ," అన్నాడు వంశీధర్. "వంట నా తోని అయితలేదు, మాల ఎట్ల తియ్యాలె అంటే, మైల వస్తేనే తియ్యాలె అన్నరు. ఇంట్ల ముసలోళ్లు ఎవరన్న ఉన్నరా అని మీరే అడిగిండ్రు. ఒక్క మైలకు రెండు మాలలు పోతయి అని గూడ మీరే అన్నరు."

గదిలో చీపురు చప్పుడు ఆగింది.

"మరి సెలవు కాయితం మీద సంతకం ఎవలది?" అంది బాలమ్మ.

"సారుదే. టైపు చేసింది నేను," అంది దీప. "నకలు ఉన్నది."

భానుప్రకాష్ గారు కళ్లు మూసుకున్నారు. మీరైతే ఆయన సిగ్గుపడుతున్నారని అనుకుంటారు. మీకు గురుస్వాములు తెలియరు. ఆయన కళ్లు తెరిచేసరికి ముఖం నిండా వెలుగు. లేచి పెద్దాయనకు చేతులు జోడించారు.

"అంతా స్వామి లీల. పోయారనుకున్న మనిషి తిరిగొచ్చారంటే ఇది మామూలు విషయం కాదు. ఈ శుభ సందర్భంగా దీపమ్మ ఇంట్లో బుధవారం స్వాములందరికీ మహా భిక్ష పెట్టాలి."

అంటూనే ఎడమ చేత్తో మూడో మెమోను సొరుగులోకి తోసి, సొరుగు మూశారు. "ఇది పరిశీలనలో ఉంటుంది."

దీప ఆయన వైపు చూసింది. ఆ తర్వాత బాలమ్మ వైపు తిరిగి మెడ వంచింది. "సావు అబద్ధమైతే మైల గూడ అబద్ధమే బిడ్డా," అంటూ బాలమ్మ కొంగు ముడి విప్పి ఎర్ర మాల తీసింది. నాలుగు రోజులుగా ఆ ముడి ఆమె కొంగునే ఉంది. అక్కడే, ఆ బల్ల ముందే, దీప మెడలో వేసింది. ఎనిమిదో రోజు మొదలైంది.

"భిక్ష పెడదాం సార్," అంది దీప. "నాకు మధ్యాహ్నం పీఠంల పని ఉంటది. మా ఆయన వండుతడు. పదకొండో నియమం."

"నేనా?" అన్నాడు వంశీధర్.

"ఇరవై ఆరు మందికి," అన్నారు పెద్దనాన్న. "నేను గూడ వస్త. గంజి అయినా తాగుత. ఒకసారి సచ్చినోణ్ని, నాకేం భయం."

ఇది సోమవారం మాట. భిక్ష జరగలేదు. ఇరవై ఆరుగురిలో ఇరవై ఐదుగురికి బుధవారం వేరే పనులు పడ్డాయి. ఇరవై ఆరోవారు భానుప్రకాష్ గారే, ఆయనకు ఆఫీసు ఉందట. అవును, భిక్ష పెట్టే ఇల్లాలికి ఏనాడూ లేని ఆఫీసు ఆయనకు ఉంది.

ఇక మీ సంగతి. జాబితా పైకి పోయేది ఈ సాయంత్రమే. సొరుగు ఇంకా మూసే ఉంది. కాబట్టి నసగకుండా వినండి. వంశీధర్ గారూ, ఈ పూట ప్రీతి డబ్బా మీరు కట్టండి, ఉప్పు పొయ్యి పక్కన రెండో డబ్బాలో ఉంది. స్వరాజ్యలక్ష్మి గారూ, బతికున్న బావగారికి ఒక్కసారి ఫోను చేసి క్షమాపణ చెప్పండి, ఆయన ఇంకా అరుణ వాళ్లింట్లోనే ఉన్నారు, అరుణ ఫోను పట్టుకుంటుంది. ఇరవై ఆరు మందీ, మీరు తిన్న విస్తళ్లకు బదులుగా మీ మీ ఇళ్లలో ఒక పూట గిన్నెలు తోమండి, దేవుడు ఏమీ అనుకోడు. వచ్చే కార్తీకంలో ఎవరి మెడలోనైనా మాల వేసేముందు ఆ మనిషి చేత సేరు బియ్యం కడిగించి, వండించి, పక్కవాడికి పెట్టించి, వాడు బతికుంటేనే మాల వేయండి. ఫోనుకు ముఖం చూపించడమా, రిజిస్టరులో సంతకమా, ఏదో ఒకటి తేల్చి అందరికీ అదే పెట్టండి. ఇవన్నీ సాయంత్రం దాకా ఆగొచ్చు.

ఒక్కటి మాత్రం ఆగదు. భానుప్రకాష్ గారూ, ఏ హోదాలో ఉన్నారో మీ ఇష్టం. ఆ సొరుగు తెరవండి. ఆ మెమో చింపండి. దీప పేరు రాయండి. చేయి కడుక్కుని రాయండి.